నడిస్తే తప్పే తాళం

మదనపల్లెలో ఒక సంగీతం స్కూలువాళ్ళు మొరాకో నుంచి యూసఫ్ అనే మాస్టరును పిలిపించారు. నెలరోజుల క్లాసు. పాటవాళ్ళకు అరబ్బు స్వరాలు, డప్పువాళ్ళకు తాళాలు. బాగా పట్టుకున్న డప్పు మనిషికి ఆ స్కూల్లోనే ఉద్యోగం.

యాభై ఏళ్ళ మునిరాజ సోమల నుంచి రోజూ బస్సెక్కి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా అతను వాయించింది పాడెల ముందు. పిలిచినవాళ్ళెవరూ గడప దాటనివ్వలేదు. ఈ ఉద్యోగం వస్తే కుర్చీలో కూర్చుని నేర్పొచ్చు. అదీ అతని ఆశ.

యూసఫ్ వాద్యమూ తోలుదే. దాన్నీ మంటకు కాచాల్సిందే. అది చూసి మునిరాజకు ధైర్యమొచ్చింది. తాళమే తిరకాసుది. ఆరు దెబ్బల్లో మొదటిది ఖాళీగా వదిలి, బరువు మూడోదాని మీద వెయ్యాలి. మునిరాజ చెయ్యి మొదటిదాని మీదే పడుతుంది. పడదా మరి! పాడె మోసేవాళ్ళు ఆ దెబ్బకే అడుగేస్తారు. అది తప్పితే నలుగురి కాళ్ళూ తడబడి శవం ఒరుగుతుంది.

"యాలప్పా అట్ల బాదుతాండావు? ఈడ యెవురూ సావలేదు," అని నవ్వేది ప్రీతి. వయొలిన్ నేర్చుకుంటూ, యూసఫ్ ఇంగ్లీషును అందరికీ తెలుగులో చెప్పేది ఆ పిల్లే.

"నాకు తెలుసమ్మా. సేతికి తెలీదే!"

ఇరవై రోజులు గోడకానుకుని, కాళ్ళు మడిచి కూర్చుని కొట్టీ కొట్టీ సాధించాడు.

పరీక్ష రోజు కూర్చుని వాయిస్తే యూసఫ్ కళ్ళు మూసుకుని తలూపాడు. తర్వాత ఏదో అన్నాడు.

"నడస్తా వాయించాలంటప్పా," అంది ప్రీతి. "వాళ్ళ పెండ్లి ఊరేగింపుల్లో అట్లనేనంట."

"కూకోని వాయిస్తే సాలదంటనా?"

"సాలదంట."

లేచాడు. అడుగు పడింది. చెయ్యీ దాంతోపాటే, ఖాళీగా వదలాల్సిన మొదటి దెబ్బ మీద పడింది. పళ్ళు బిగించాడు. రెండో అడుగూ అంతే. హాల్లో నిలబడ్డవాళ్ళ పాదాలన్నీ ఆ దెబ్బకే ఊగాయి, యూసఫ్‌దీ ఊగింది. తప్పని ఎవరూ అనలేదు. ఉద్యోగం మాత్రం కుప్పం నుంచి వచ్చిన గిరిబాబుకిచ్చారు. అతను ఏ పాడె ముందూ నడిచినవాడు కాదు.

ముప్పై ఏళ్ళు ఊళ్ళన్నీ తమ శవాల బరువు ఆ చేతిమీద పెట్టాయి. ఇప్పుడు దించమంటే యాడ దించాలి?

ఇంటికి పోతూ ఎక్కిన పుంగనూరు బస్సులో సీటు దొరికింది. కూర్చోగానే వేళ్ళు డప్పు అంచుమీద ఆడాయి. మొదటిది ఖాళీ, మూడోది బరువు. ఒక్కటీ తప్పలేదు. పుంగనూరొచ్చినా అతను లేవలేదు.

"దిగప్పా, సోమల బస్సు ఆడుండాది సూడు," అన్నాడు కండక్టరు.

మునిరాజ డప్పు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. అడుగు నేలమీద పడింది. చెయ్యీ పడింది.