ఇంటి బావి నీళ్లు

గాడిదకు ఒకవైపు పార, పలుగు, జల్లెడ వేలాడగట్టాడు కాస్తులో. రెండోవైపు ఒక్కటే నీళ్ల డబ్బా.

“ఒక్కటేనా?” అంది ఎర్మెలిందా గుమ్మంలోంచి.

“పోవడానికి చాలక్కా. గని దగ్గర ఊట ఉందిగా. నువ్వు చెప్పిందేగా.”

చెప్పింది. పాతికేళ్ల కిందట, తండ్రి బంగారం కోసం ఎడారిలోకి వెళ్లి తిరిగి రాని వేసవిలో. ఐదేళ్ల తమ్ముడు జ్వరంతో మూలుగుతూ, నాన్నకి దాహం వెయ్యదా అని అడిగిందే అడిగేవాడు. పాద్రీలు వదిలిపోయిన బంగారు గని గురించి వాళ్ల ఊరు కాబోర్కాలో ఇంటికో కథ ఉంది. ఏ కథలోనూ నీళ్లు లేవు. వాటిని పద్నాలుగేళ్ల ఎర్మెలిందా పెట్టింది. నల్లకొండ వెనక మూడు కొమ్మల బ్రహ్మజెముడు, దాని కింద గని, పక్కనే ఎన్నడూ ఎండని ఊట, ఒడ్డున నాన్న. పిల్లాడు నిద్రపోయాడు. కొన్నాళ్లకు ఆ నీళ్ల చప్పుడు ఆమెకూ వినిపించసాగింది.

“ఊట లేదురా. నేనే కల్పించాను.”

కాస్తులో నవ్వాడు. “ఇన్నేళ్లూ ఉన్నది ఇవాళే ఎండిందా? బావ నూరిపోశాడా? వాటా కావాలంటే అడుగు, ఇస్తాను.”

“గనీ లేదు.”

“నాన్న కూడా లేడను, సరిపోతుంది.”

తమ్ముడి కోసం కల్పించిన ఊట అనుకుంటూ వచ్చింది ఆమె ఇన్నాళ్లూ. దాన్ని నాన్న పక్కనుంచి తీసేయడం తన వల్లే కావడం లేదు.

మరో అబద్ధమే సులువుగా వచ్చింది. “నాన్న కలలోకొచ్చాడు. ఊట నీళ్లు మొహం మొత్తాయట. ఇంటి బావి నీళ్లు రెండు డబ్బాలు తెస్తేగాని గని చూపించడట.”

కాస్తులో టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నాడు. “ముందే ఏడవొద్దూ, మహాతల్లీ!”

గబగబా తోడి రెండు డబ్బాలు నింపాడు. ఆమె ముడి బిగించింది. ఊట కనబడకపోతే ఇవే తాగి తిరిగొస్తాడు. గుండె కాస్త కుదుటపడింది.

“నాన్నకి ఓ గుక్కెడు పొయ్యి చాలు. మిగతావి నువ్వు తాగు.”

“ఛీ, నాన్న నీళ్లు నేను తాగడమేంటి? గొంతెండినా ముట్టను. చివరి చుక్క దాకా అక్కడే పోస్తాను.”

ఎర్మెలిందా పగ్గం పట్టేసుకుంది. పాతికేళ్లుగా అనలేని మాట అరుపులా బయటికొచ్చింది.

“నాన్న చచ్చిపోయాడురా! దాహంతో!”

కాస్తులో ఆమె వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా విడదీశాడు.

“తెలుసక్కా,” అన్నాడు. “అందుకేగా మోసుకెళ్తున్నాను.”

గాడిద కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా డబ్బాల్లో నీళ్లు తొణికిన చప్పుడు వినిపిస్తూనే ఉంది.