తొమ్మిదో కప్పు

చొక్కా జేబు మీద మరక ఎలా వచ్చిందన్న దగ్గర మొదలైంది గొడవ. పెన్ను కారిందన్నాడాయన. పెన్ను కారితే చేపల కంపు కొడుతుందా అంది భార్య. ఆ ఒక్క చొక్కాతో వాషింగ్ మెషీన్లో కూతురి కాలేజీ బట్టలు, దిండు గలీబులు అన్నీ కంపెక్కాయి. జేబు తిరగేస్తే చితికిన క్యాప్సూళ్లు రెండు రాలాయి.

నిరుడు తీసిన ఆయన రక్తం మీద పాలమీగడలా కొవ్వు తేలింది. క్లోమం వాచి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పొద్దున ఫలహారంతో రెండు, రాత్రి భోజనంతో రెండు చేపనూనె మాత్రలు మానకూడదని డాక్టరు రాసిచ్చాడు. రాత్రివి మింగేవాడు. పొద్దుటివి జేబులో వేసుకుని దారిలో పారేసేవాడు. నిన్న పారేయడం మరిచిపోయాడు.

"మనిషే పోయాక మీ నాలుకను నేనేం చేసుకోను?" అంది భార్య. ఆయన మింగేదాకా కదలకుండా నిలబడింది.

టీ కంపెనీలో రుచి చూడటం ఆయన పని. పొడవాటి బల్ల మీద తెల్లకప్పుల వరస. చెంచాతో తీసి, సర్రున పీల్చి, నాలుక మీద ఆడించి, ఉమ్మేసి, ఒక్క మాట రాస్తాడు. ఆ మాటను బట్టి టీ మూటలు కదులుతాయి, లేదా వెనక్కి పోతాయి. ఆయన ఉల్లిపాయ ముట్టి ఇరవై ఆరేళ్లయింది. పెళ్లయిన కొత్తలోనే భార్య తన సెంటు సీసా చెల్లెలికిచ్చేసింది.

తొమ్మిదో కప్పు దగ్గర చిన్న తేన్పు వచ్చింది. రుచి చూసి 'నీచు' అని రాశాడు.

ఆయన దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి అదే కప్పు రుచి చూసింది. కప్పులోకే చూస్తూ, "ఇంకోసారి చూస్తారా, సార్?" అంది.

నోరు పుక్కిలించి చూశాడు. నీచే. పదో కప్పూ నీచే. చివరికి ఒట్టి వేణ్ణీళ్లు తాగాడు. అవీ అంతే.

రాసిన మాట కొట్టేశాడు. అలా కొట్టేయడం అదే మొదటిసారి.

రాత్రి భోజనాల దగ్గర, వీధిపిల్లి ఒకటి కాలేజీ గేటు దాకా తన వెంటే వచ్చిందని కూతురు చెప్పింది. ఆయన నవ్వాడు. ఎవరూ అడగకుండానే రెండు మాత్రలు మింగి, నీళ్ల గ్లాసు కింద పెట్టాడు.

"రేపటి నుంచి రుచి గదికి వెళ్లను. గోదాములో మూటలు చూసుకుంటానని చెప్పొచ్చాను."

భార్య లేచి వెళ్లి ఉల్లిపాయ ఒకటి కోసి తెచ్చి, ఆయన కంచం అంచున పెట్టింది.

అక్కడ రుచి గదిలో, కప్పులు కడిగేసిన ఖాళీ బల్ల మీద ఆయన చెంచా బోర్లా పడుంది. పెదవి తగిలి తగిలి, దాని ఒక అంచు పల్చగా అరిగిపోయింది.