ఐదు లక్షల మాట

నా నోరు మంచిది కాదని ఎమ్మిగనూరులో అందరికీ తెలుసు. షెడ్డు మీద "నాగవేణి డీజిల్ వర్క్స్" అని అంతంత అక్షరాలు రాసి ఉన్నా, కొత్తగా వచ్చినవాళ్లు "మెకానిక్ లేడామ్మా?" అని నన్నే అడుగుతారు. "మెకానిక్‌కు చీర కట్టుకునే అలవాటుండాది, ఏం కావాల్నో చెప్పప్పా" అంటాను. ఇరవై ఏళ్లుగా ఇదే ప్రశ్న వింటుంటే నోరు మంచిగా ఎట్లా ఉంటుంది?

ఆ నోటితోనే తొమ్మిదేళ్ల కిందట తులసీబాయి టీచరమ్మకు ఒక మాట ఇచ్చాను. ఆమె ఆదోనిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కొడుకు ప్రమోద్ మంత్రాలయానికి యాత్రికులను తిప్పుకుని బతుకుతానంటే, ఒక పాత డీజిల్ కారు చూసి, కొనేముందు నా దగ్గరికి తెచ్చింది. అప్పటికే తొంభై వేల కిలోమీటర్లు తిరిగిన బండి. ఇంజన్ చిన్నది. నాలుగు సిలిండర్లు, పన్నెండు వందల నలభై ఎనిమిది సీసీ, డెబ్బై ఐదు గుర్రాల బలం. టైమింగుకు బెల్టు కాదు, గొలుసు. కాబట్టి పుటుక్కున తెగుతుందన్న దిగులు లేదు. రెండు వేల ఆర్పీఎం దగ్గరికి వస్తే, గాలిని లోపలికి నెట్టే టర్బో అందుకుంటుంది, ఇక బండి నిండా మనుషులున్నా లెక్కచేయదు. బానెట్ ఎత్తి కాసేపు చెవి పెట్టి విన్నాను. నాకు నచ్చింది.

"టీచరమ్మా, వేళకు ఆయిల్ మార్పించండి. బండి నిలిపినాక ఒక్క నిమిషం ఇంజన్ ఆడనిచ్చి ఆపమనండి, టర్బో సల్లబడాల. ఈ రెండూ చేస్తే ఐదు లక్షల కిలోమీటర్ల దాకా దీని హెడ్ విప్పి ఇంజన్ బాగుచేసే పనే లేదు. విప్పితే నా బోర్డు దించేస్తా" అన్నాను.

"మాటంటే మాటేనా, నాగవేణీ?"

"మాటే."

ప్రమోద్ బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేశాడు. యాత్రికులు దిగి సంచులు దించుకునేదాకా ఇంజన్ ఆపేవాడు కాదు. రెండు లక్షలు దాటింది, మూడు దాటింది, నాలుగు దాటింది. ఆ బండి సర్వీసుకు వస్తే నాకు పుట్టింటివాళ్లు వచ్చినట్టే ఉండేది. మిగతా బండ్లవాళ్లను పిలిచి మరీ మీటరు చూపించేదాన్ని.

మొన్న ఫిబ్రవరిలో అదే బండి నల్లటి పొగ కక్కుకుంటూ షెడ్డు ముందు ఆగింది. ప్రమోద్ ముఖం వాడిపోయి ఉంది. వెనక సీట్లో తులసీబాయి.

"అక్కా, ఇంజన్ పోయిందంటాండారు. వారం నుంచి బండి ఎత్తు ఎక్కేదే కష్టంగా ఉండాదని ఒక పెద్ద షెడ్డులో చూపించినా. కొత్త ఫిల్టరు వేసినా పొగ తగ్గలే. టర్బో పైపు నిండా ఆయిల్ ఉండాదంట. హెడ్ విప్పల్ల, లేదంటే పాత ఇనుముకు ఇచ్చేయమన్నారు."

మీటరు చూశాను. నాలుగు లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై నాలుగు. ఇంకో ఇరవై ఆరు కిలోమీటర్లు!

తులసీబాయి దిగి, బండిని కాదు, నా బోర్డును చూసింది. "దాన్ని దించమని నేను అడగనమ్మా. నీ మీద నమ్మకంతో కొన్నాము. నిజం మాత్రం చెప్పు" అంది. తిట్టినా బాగుండేది.

ఆయిల్ పోసే మూత తీసి ఇంజన్ నడిపాను. లోపల పిస్టన్ రింగులు అరిగిపోతే అక్కడ పొగ గుప్పుగుప్పుమంటుంది. ఏమీ లేదు. ఇంజన్ ఆపి, పైపు విప్పి, టర్బో ఇరుసును వేళ్లతో కదిపాను. ఊగలేదు, అదీ బాగానే ఉంది. మరి ఈ నల్ల పొగ ఎందుకు? డీజిల్ పడుతోంది, గాలి చాలడం లేదు. గాలి అందకపోతే టర్బో తన ఆయిల్‌నే పీల్చుకుంటుంది. పైపులో ఆయిల్ సంగతి అదీ.

ఫిల్టరు డబ్బా కొత్త ఫిల్టరుతో శుభ్రంగా ఉంది. దానికి ముందు, బండి ముందరి జాలీ వెనక, గాలి లోపలికి పోయే గొట్టం ఒకటుంటుంది. దాన్ని ఎవరూ విప్పరు. డిసెంబరు సర్వీసులో నేను కూడా విప్పలేదు. ఇప్పుడు ఊడదీసి, వంచిన తీగ పెట్టి గుంజితే బూడిదరంగు ముద్ద ఒకటి బయటికొచ్చింది. పత్తి. ఈ సీజనంతా ఆదోని రోడ్లమీద లేచే దూదే. కానీ అంత దూది ఊరికే ఎట్లా నిలుస్తుంది? ముద్ద విప్పితే లోపల పసుపు పట్టుగుడ్డ మూట. మూటలో మంత్రాక్షతలు.

"అమ్మా!" అన్నాడు ప్రమోద్.

తులసీబాయి ఆ మూట అందుకుంది. "నేనే పెట్టినాను. దసరాకు. మంత్రాలయం మఠంలో ఇచ్చినవి. నువ్వే గదా నాగవేణీ చెప్తివి?"

నేను చెప్పానా? అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు సర్వీసుకు వచ్చినప్పుడు, "దీనికి ప్రాణం యాడుంటుందమ్మా?" అని ఆమె అడిగితే, నేను పొంగిపోయి జాలీలోకి వేలు పెట్టి మరీ చూపించాను. "ఈడ, ఈ నోటిలో. గాలే దీనికి ప్రాణం" అని ఉపన్యాసం ఇచ్చాను.

"ప్రాణమున్న చోటనే రక్ష ఉండల్ల గదా అనుకుంటి" అంది ఆమె, తల దించుకుని.

ప్రమోద్‌కు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. "ఏంటికప్పా నవ్వుతావు?" అని అరిచాను. "తప్పు నాది. సగం చెప్పి వదిలేసినా. అయినా చూడు, దసరా నుంచి ముక్కులో గుడ్డ కుక్కుకుని, దాని సుట్టూ దూది పేర్చుకుని, రోజూ మంత్రాలయం పోయొచ్చింది. ఇట్లాంటి ఇంజన్‌ను ఇనుముకు ఇయ్యమన్నారా?" నా గొంతు బజారుదాకా వినిపించి ఉంటుంది. వినిపించనీ. అంత గర్వంగా ఉంది నాకు.

గొట్టాలు కడిగి బిగించాను. మొరాయించకుండా స్టార్టయింది. తాళం ప్రమోద్‌కు ఇవ్వలేదు. "నేనే ఆదోనికి నడుపుతా, ఎక్కండి" అన్నాను. మొదట్లో పైపుల్లో మిగిలిన ఆయిల్ కాలి కొంచెం పొగ వచ్చింది, తర్వాత అద్దంలో వెనక రోడ్డంతా తేటగా కనిపించింది. టర్బో ఈల మళ్లీ వినబడింది. తులసీబాయి మూటను ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

ఆదోని కొండలు కనబడుతుండగా మీటరులో తొమ్మిదులన్నీ వరసగా నిలబడ్డాయి. ప్రమోద్ ముందుకు వంగి చూశాడు. తొమ్మిదులన్నీ సున్నాలయ్యాయి, ముందర ఐదు నిలిచింది. బండిని పక్కకు తీసి, ఇంజన్‌ను అట్లాగే ఆడనిచ్చి దిగాను. నా బోర్డు నిలిచిందని గట్టిగా ఒక మాట అనాలనే దిగాను.

తులసీబాయి కూడా దిగి, మూట ముడి విప్పింది.

"ప్రాణం యాడుందో నాకు తప్పు చెప్తివి నాగవేణీ" అని, ఆ అక్షతలు గుప్పెడు తీసి, డీజిల్ వాసన కొట్టే నా తల మీద చల్లింది.

కళ్లు తుడుచుకుంటే ముఖమంతా మసి అయింది. నిమిషం ఎప్పుడో దాటిపోయింది, ఇంజన్ ఆపాలన్న సంగతే మరిచిపోయాను.