జానీకి కట్టిన క్యారేజీ

తెలుపు.

ఇంద్రావతి ఒడ్డంతా తెలుపు. రెల్లు పూసింది. గాలి తోసినప్పుడల్లా వంగుతూ, లేస్తూ... వంగుతూ, లేస్తూ.

స్వర్ణకుమారి కళ్లు ఆ తెలుపును నమ్మడం లేదు. తాముండే కిరండూల్‌లో ఏదీ ఇంత తెల్లగా ఉండదు. అక్కడంతా ఇనుపరాయి దుమ్ము. ఆరేసిన చీర ఎరుపు. గుమ్మం ఎరుపు. పిల్ల పాదాలు ఎరుపు. ఆ ఎరుపుకు భయపడటం ఆమెకు ఎప్పుడో అలవాటైపోయింది.

ఈ తెలుపు కొత్త. దీని వెనక నీళ్లున్నాయి.

నీళ్లు.

బారసూరు వెళదామని కూతురు కల్యాణి దసరా నుంచీ ఒకటే పోరు. బడిలో ఎవరో చెప్పారట — పాత రాజుల ఊరు, రాతి గుళ్లు, నది అక్కడ ఏడు పాయలై పారుతుందని. స్వర్ణకుమారికి రాజులు వినబడలేదు. గుళ్లు వినబడలేదు. ఏడు పాయలు వినబడ్డాయి. ఏడు చోట్ల కాలు జారుతున్న పిల్ల కనబడింది.

"మీ నాన్నొస్తేనే ఎల్దుం. నేకపోతే నేదు" అంది.

నాన్నకు ఈత వచ్చు. నాగావళి ఒడ్డున పెరిగినవాడు పైడయ్య. కానీ రైల్వేలో కీమేన్ పని అతనిది. రోజూ సుత్తి భుజానేసుకుని పట్టాల వెంట నడవాలి, వదులైన కీలు కొట్టి బిగించాలి. సెలవు దొరకలేదు.

పక్క క్వార్టర్ జానీదీ అదే గ్యాంగు. అన్న బదులు నేను నడుస్తాలే, మా ఆవిడ రీనాని కూడా తీసుకెళ్లండి, అదీ చూడలేదు అన్నాడు.

క్వార్టర్లలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి బదులు డ్యూటీకి వెళితే, ఆ పూట ఆ ఇంటి కూడే తినాలి. అందుకే స్వర్ణకుమారి చీకట్లోనే లేచి జానీకి క్యారేజీ కట్టింది. అన్నం. ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర. ఉల్లిపాయ ముక్క.

జానీ గుమ్మంలోనే మూత తీసి వాసన చూశాడు.

"వదినా, ఉప్పు సూసే ఏసినావా? మొన్నలాగ సముద్రాన్నొంపీనేదు కదా?"

నవ్వింది. పిల్ల జడకు రిబ్బను కడుతూ, తలెత్తకుండానే నవ్వింది.

అంతే.

పైడయ్య గడప దాటే ప్రతి పొద్దూ ఆమె ఒక మాట అంటుంది. సూసెల్లు. పెళ్లయినప్పటి నుంచీ ఒక్క పూట మానలేదు. అది అనకపోతే పట్టాల మీద ఏదో అయిపోతుందని ఆమె గుండెల్లో ఒక గట్టి నమ్మకం.

ఆ పొద్దు మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. మాట గొంతులోకే రాలేదు. రీనా అప్పటికే జీపు దగ్గరికి పోయింది, సీటు పట్టుకోవడానికి.

జానీకి ఎవరూ అనలేదు.

ఎక్కడో సముద్రంలో తుఫాను పట్టి, ఇక్కడ కొండలు నాలుగు రోజులు నానాయి. ఆ పొద్దే తెరిపిచ్చింది. కడిగిన ఆకాశం కింద, సుత్తి భుజాన, క్యారేజీ చేత — జానీ ఈల వేసుకుంటూ వెళ్లాడు.

బారసూరులో వినాయకులిద్దరు. ఒకే గుడిలో, పక్కపక్కన. ఒకరు పెద్ద, ఒకరు చిన్న. వర్షానికి తడిసిన రాతి బొజ్జలు. స్వర్ణకుమారి పెద్దాయనకు మొగుణ్ణి అప్పజెప్పింది. చిన్నాయనకు కూతుర్ని.

ఇద్దరు దేవుళ్లు, ఇద్దరు మనుషులు. మూడో మనిషి గుర్తుకే రాలేదు.

మధ్యాహ్నం నది. ఏడు పాయలూ రాళ్ల మీద విరుచుకుపడుతున్నాయి. ఆమె ఒడ్డునే కూర్చుండిపోయింది, కళ్లు పిల్ల మీద కుట్టేసుకుని.

రీనా పుట్టిల్లు గొల్లపల్లి, యాసే వేరు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పకపకా నవ్వింది.

"ఏందక్కా, ఏరును జూస్తెనే వణుకుతవు?"

"నీకేటి, నవ్వుతావు. బయపడ్డోలికి తెలుస్తాది."

"అట్లయితే నా భయం గూడ నువ్వే పడరాదు. నాకు పని తప్పుతది."

అప్పుడే కల్యాణి కాలు జారింది.

అరుపు లేదు. ఒక రాయి, ఒక నాచు, ఒక చెయ్యి గాలిలో... పైడయ్య దూకి పట్టేశాడు. పిల్ల దక్కింది. చెప్పు ఒకటి కొట్టుకుపోయింది.

స్వర్ణకుమారి చాలాసేపు ఆ నీళ్ల వంకే చూసింది. తర్వాత, ఎన్నాళ్లకో, ఆమె భుజాలు కిందికి దిగాయి. రావలసింది వచ్చింది. చెప్పుతో పోయింది. ఈ రోజుకు ఇంక ఏమీ లేదు.

ఏమీ లేదు... అనుకుంది.

తిరుగు దారిలో రీనా ఒడి నిండా రెల్లు. కల్యాణి, తనూ కలిసి కోసుకున్నవి. జీపు నడిపే హడ్మా పాట పెట్టాడు. నది దగ్గర ఫోన్లు పలకలేదు. గీదం ఊరు దాటుతుంటే పైడయ్య జేబులో మోగింది.

గ్యాంగును నడిపే మేట్. పక్కనే ఇరుక్కుని కూర్చున్న స్వర్ణకుమారికి ప్రతి మాటా వినబడింది.

మధ్యాహ్నం కొండ జారిందట. పట్టాల మీద బురద, బండలు. జానీ కనబడటం లేదు. సుత్తి దొరికింది. మైలురాయి మీద క్యారేజీ పెట్టింది పెట్టినట్టే ఉంది, మూత కూడా తియ్యలేదు.

"ఆడి పెళ్లాం నీతోటే ఉందా? అప్పుడే సెప్పొద్దు. ఇంకా తవ్వుతున్నాం..."

ముందు ఊపిరి వచ్చింది.

స్వర్ణకుమారికి నిండుగా, తియ్యగా ఊపిరి వచ్చింది. మొగుడి మోకాలు ఆమె మోకాలికి ఆనుకుని ఉంది. వెచ్చగా ఉంది. ఇక్కడే ఉంది.

ఆ ఊపిరిని వెనక్కి తీసుకోవడానికి ఆమెకు దారి లేకపోయింది.

"ఏందంట అన్నా?" రీనా అడిగింది.

పైడయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

రీనా స్వర్ణకుమారి ముఖం చూసింది. నవ్వింది.

"మల్ల ఏం భయం బట్టింది అక్కా? ఇప్పుడు నీళ్లు గూడ లేవు గద."

ఎన్ని భయాలు. పాముకు, పిడుగుకు, జ్వరానికి, బండికి. అన్నింటికీ ఆమె దగ్గర మాటలుండేవి. ఊరంతా విసుక్కునేంత మాటలు. ఇప్పుడు కల్యాణి జడ రిబ్బను విప్పి, మళ్లీ కట్టింది.

నా భయం గూడ నువ్వే పడరాదు...

పడుతోంది.

కొండలు దగ్గరయ్యాయి. ఎదురొచ్చిన లారీ ఒకటి గుంతలో పడి ఎర్రబురద చిమ్మింది. రీనా గబుక్కున కొంగు లాగి రెల్లు మీద కప్పింది.

"జానీకి జూపియ్యాలె" అంది. "ఖరాబు గావొద్దు."

ఒక్క చుక్క పడనే పడింది. రీనా వేలితో తుడిచింది. ఆ ఎరుపు ఇంకా పాకింది.

జీపు కుదుపులకు కొంగు కింద రెల్లు కదులుతోంది. వంగుతూ, లేస్తూ... వంగుతూ —

తెల్లగా.