యుద్ధమే కావాలన్న దొర

రష్యన్ జనరల్ ఝెర్దేవ్‌కి తుర్క్‌మెన్ల భాష రాదు, ఎడారి సంగతి తెలియదు, ఓర్పన్నది అసలే లేదు. మొదటిదానికి మాత్రం మందు దొరికింది: ఓవెజ్‌ని దుబాసీగా పెట్టుకున్నాడు. ఓవెజ్ యోముత్ తెగవాడు. కాస్పియన్ ఒడ్డున రష్యన్లకు ఒంటెలు బాడుగకిస్తూ వాళ్ళ భాష పట్టేశాడు. జనరల్ పట్టుకోబోతున్న గూమ్లి కోటలో ఉన్న తెకే తెగకూ యోముత్‌లకూ తాతలనాటి పగ. అయినా అతని అక్క ఓగుల్‌జాన్‌ని ఇచ్చింది ఆ కోటలోకే. పగ పగే, పెళ్ళి పెళ్ళే.

దండు పెళ్ళివారి ఊరేగింపులా కదిలింది. కోటగోడ ఎక్కడానికి నిచ్చెనలు తెద్దామని కప్తాన్ లుకిన్ అడిగితే వాటికి ఒంటెలు మిగల్లేదన్నారు. దొరగారి స్నానపు తొట్టి, ద్రాక్షసారా పెట్టెలు, మడత మంచం అప్పటికే ఒంటెల వీపులెక్కి కూర్చున్నాయి. సిపాయిలు నాలుకలు పిడచకట్టి నడుస్తుంటే దొర రోజూ నున్నగా గడ్డం గీయించుకుని అత్తరు పూసుకునేవాడు. ఆయన మెడలో ఒక్క పెద్ద పతకానికి చోటు ఖాళీగా ఉందనీ, ఈ యాత్రంతా దానికోసమేననీ లుకిన్ ఓవెజ్ చెవిలో చెప్పి నవ్వేవాడు.

కోట ముందు దిగీ దిగగానే ఫిరంగులు పేల్చారు. మట్టిగోడ వెనక అంతా కంబళి గుడారాలు, వాటినిండా పిల్లాజెల్లా. కాసేపటికే లొంగుబాటుకు గుర్తుగా గుడ్డమీద రొట్టె పట్టుకుని పెద్దలు బయటికొచ్చారు. వాళ్ళకి పెద్ద సహత్ ఆగా.

"తమ్ముడూ, తలుపు తీస్తామని మీ దొరతో చెప్పు. పిల్లలు బెదిరిపోతున్నారు, ఆ గుండ్లు ఆపమను" అన్నాడు.

ఓవెజ్ గుండె తేలికపడింది. పరుగున పోయి చెప్పాడు. భోజనం చేస్తున్న జనరల్ నోటి ముందు ముద్ద లాగేసినట్టు చూశాడు. మంచిదేగా, బావులు కూడా లోపలే ఉన్నాయని లుకిన్ నచ్చజెప్పబోయాడు.

"లొంగిన కోటకి పతకం ఎవడిస్తాడయ్యా? పీటర్స్‌బర్గ్‌లో నన్ను తాళాలు తీసుకునే గుమాస్తా అనుకుంటారు." జనరల్ ఓవెజ్ వైపు తిరిగాడు. "మగాళ్ళయితే పోరాడమని చెప్పు, పో."

ఓవెజ్ కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు. "వద్దంటున్నాడు ఆగా. యుద్ధమే కావాలట."

"యుద్ధం దేనికిరా, గెలిచాడుగా?"

"గెలిచినట్టు కనబడాలట."

ముసలాయన రొట్టెను గుడ్డలో చుట్టేసుకున్నాడు. "సరే. గడపలోకొచ్చినవాడు అడిగింది లేదనకూడదు." అక్క ఎలా ఉందని ఓవెజ్ అడిగితే, బాగానే ఉంది, నోరు కూడా అలాగే ఉందన్నాడు.

ఫిరంగులు ఆగలేదు. వెనక ద్వారం గుండా పారిపోబోయిన ఆడవాళ్ళని జనరల్ పెట్టిన కాపలా రౌతులు కొరడాలతో లోపలికి తోలారు. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందన్న సంగతి ఆయన చదివిన యుద్ధశాస్త్రంలో లేదు కాబోలు.

ఎండ మండిపోతుంటే సిపాయిలు ఒకరి భుజాలమీద ఒకరెక్కి గోడ పాకబోయారు. అప్పుడు తలుపు తెరుచుకుంది. కత్తులతో మగవాళ్ళు, గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెరలు కర్రలకు కట్టుకుని ఆడవాళ్ళు, కట్ట తెగినట్టు మీద పడ్డారు. దండు వెనుదిరిగి పారిపోయింది. వరుస తప్పొద్దని అరుస్తూ జనరల్ తన సిపాయిలనే కత్తి ఒరతో బాదాడు. దాహంతో వెర్రెత్తిన ఆ సిపాయిల మంద ఆయన్ని గుర్రంతో సహా పొలం కాలవలోకి నెట్టుకుంటూ పోయింది. పైకి లేవబోతుంటే ఎవరిదో కత్తి కడుపులో దిగింది.

దుమ్ములో తచ్చాడుతున్న ఓవెజ్‌కి ఆయన బురదలో దొరికాడు. అత్తరు వాసన ఇంకా వస్తోంది.

"ఆ ముసలాడితో చెప్పు... లొంగుబాటుకి ఒప్పుకుంటున్నానని."

ఓవెజ్ చుట్టూ చూశాడు. కాస్త దూరంలో సహత్ ఆగా బోర్లా పడి ఉన్నాడు.

"వినే ఓపిక ఆయనకిప్పుడు లేదు దొరా."

జనరల్ మొహం చిట్లించాడు. ఆ చిట్లింపుతోనే పోయాడు. లుకిన్ మిగిలినవాళ్ళని కూడగట్టుకుని సముద్రం దారి పట్టాడు. రమ్మని కేకేసినా ఓవెజ్ కదల్లేదు.

పొద్దు వాలుతుండగా కోటలోకి నడిచాడు. కాలిన గుడారాల మధ్య ఓగుల్‌జాన్ నిలబడి ఉంది. చేతులు మోచేతులదాకా మసి.

"మీ దొర మాట మోసుకొచ్చింది నువ్వేనటగా?"

"నేనేనే అక్కా."

"అయితే ఈ పార కూడా మొయ్యి." పార అతని చేతిలో పెట్టింది. ఎక్కడ మొదలుపెట్టనని అడిగాడు. గోడవారన ఎర్ర కంబళి కింద వరుసగా పడుకోబెట్టిన చిన్న చిన్న దేహాల వైపు చూపించింది.

"చిన్నవాళ్ళ నుంచి" అంది.