రుమాలు మడిచేదాకా

ఫ్రెంచి ఊరు వాల్‌నోయ్‌లో మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే కొట్లు మూసేస్తారు. ఊరు ఊరంతా మెడకు రుమాలు కట్టుకుని భోజనానికి కూర్చుంటుంది. ఆఖరి మనిషి తిని రుమాలు మడిచేదాకా చర్చి గోపురం మీద సూర్యుడు కదలడు. ఎవరైనా మరీ నిదానంగా నమిలితే ఊరు కాస్త విసుక్కుంటుంది, అంతే.

పన్నెండుకు పది నిమిషాలుందనగా బస్సు దిగిన లమారాకు ఇవేవీ తెలియవు. జార్జియా నుంచి ఒక్కతే వచ్చింది. ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. ఇక్కడి ద్రాక్షతోటల్లో పదకొండేళ్లు పనిచేసిన తమ్ముడు జౌరీ ఈ ఊరి ఆసుపత్రిలోనే ఉన్నాడు. మధ్యాహ్నం దాటడం కష్టమని దారిలో ఉండగా అతని తోటి కూలీ ఫోన్ చేశాడు. జౌరీ అమ్మ ఆవును అమ్మేసి ప్రయాణమైననాడు "చచ్చినా నీ ముఖం చూడను" అంది లమారా. ఆ మాట వెనక్కి తీసుకోవాలి. దానికే ఈ పరుగు.

రొట్టెల కొట్లోకి దూరి ఆసుపత్రి పేరు రాసిన కాగితం చాపింది. కొట్లో అడుగు పెట్టగానే ముందు తామే పలకరించనివాళ్లు ఆ ఊళ్లో మనుషుల లెక్కలోకి రారు; లమారాకు అది తెలియదు. కొట్టు నడిపే ఒడీల్ ఆమె తల పక్కనుంచి చూసి వెనకాయనకు రొట్టె ఇచ్చింది. అక్కణ్నుంచి మందుల షాపుకు పరిగెత్తితే గాస్తోన్ కూడా అంతే, కాగితం వంక చూడకుండా కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఈలోగా గంట మోగింది.

లమారా వీధి వీధీ తిరిగింది. తలుపులు బాదింది. లోపల చెంచాల చప్పుడు తప్ప జవాబు లేదు.  చివరికి రొట్టెల కొట్టు మెట్ల మీద కూలబడి పైకే ఏడ్చేసింది.

మేడమీద ఆ ఏడుపు విని ఒడీల్ సూప్ పక్కకు నెట్టింది. మెడకు కట్టిన రుమాలుతోనే దిగివచ్చి కాగితం లాక్కుని చదివింది. తనను తాను తిట్టుకుంటూ లమారాను చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది. జౌరీ బతికే ఉన్నాడు. మధ్యాహ్నం దాటడని నర్సు చెప్పగానే ఒడీల్ వరండాలో కుర్చీ వేసుకుంది. రుమాలు విప్పలేదు.

ఊళ్లో భోజనాలన్నీ అయ్యాయి, గడియారం మాత్రం పన్నెండు దగ్గరే ఉంది. ఆరా తీస్తూ గాస్తోన్ వచ్చాడు.

"ఏమ్మా ఒడీల్, ఇంకా ఎంతసేపు తింటావు?"

"చీజ్ తినందే లేవడం నాకు అలవాటు లేదు."

"ఇక్కడ చీజ్ ఎక్కడుంది?"

"అందుకే ఆలస్యం. లోపలున్నావిడ కాగితం నీకూ చూపించిందిగా?"

 గాస్తోన్ జేబులోని రుమాలు తీసి, విప్పి, ఒళ్లో పరుచుకుని పక్కన కూర్చున్నాడు.

లోపల లమారా అనాల్సింది అంది. జౌరీ నవ్వాడు. ఆ ఆవు ఎప్పుడూ తన్నేదేగా, దానికోసమా ఇంత దూరం వచ్చావు అన్నాడు. అమ్మ గురించి, ఇంటి గురించి మనసు తీరా మాట్లాడుకున్నారు. తర్వాత అతను కదలని కిటికీ నీడ వంక చూసి ఆ ఊరి పద్ధతి చెప్పాడు.

"మన కోసం ఎవరో రుమాలు మడవకుండా కూర్చున్నారక్కా. నాకు నొప్పిగా ఉంది. ఇక మడిచెయ్యమను."

లమారా తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మడవకపోతే వాడు ఉంటాడు, నొప్పితో ఉంటాడు. పదకొండేళ్లు మొండికేసింది చాలనిపించింది.

బయటికొచ్చి గాస్తోన్ ఒళ్లోని రుమాలు తీసి మడిచింది. ఒడీల్ మెడ దగ్గరి రుమాలు ముడి కూడా తనే విప్పి, దానితో తన కళ్లు తుడుచుకుని, నాలుగు మడతలు పెట్టి ఒడీల్ చేతిలో ఉంచింది. తిరిగి వెళ్లి తమ్ముడి పక్కన కూర్చునేసరికి కిటికీ నీడ మంచం మీదికి జరగడం మొదలైంది.