చక్రం కింద నిలబడి

మనసు చెప్పింది వినాలని ఎవరైనా నీతులు చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. వినడానికేం, పదేళ్ళ వయసులోనే చక్కగా విన్నాను. నోరు తెరవడమే చేతకాలేదు.

నాన్నకు మోటార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. తిరిగే మోటారుకు పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపలి బేరింగు ఎలా ఉందో తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి ఆ మోతలో ఉండి ఆయనకు చెవులు మందగించాయి. అందుకని పిడి నా చెవికి పెట్టి, "ఏమంటోంది తల్లీ?" అని అడిగేవాడు. నేను బాగుందంటే మూత బిగించేవాడు, గీరుతోందంటే విప్పేవాడు. ఆ గర్వంతో నాకు కాలు నేల మీద నిలిచేది కాదు.

అమ్మకు మాత్రం మా ఇద్దరి చెవులూ పగవాళ్ళు. ఒకసారి పెళ్ళికి వెళ్ళి, జనరేటర్ చప్పుడు బాగాలేదని నాన్నా నేనూ భోజనాలయ్యేదాకా దాని పక్కనే కూర్చున్నాం. "మా ఆయన కూడా వచ్చారు, ఎక్కడో ఉన్నారు" అని అమ్మ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే ఎగ్జిబిషన్‌కు బయలుదేరేముందు గుమ్మంలోనే మమ్మల్ని నిలబెట్టేసింది.

"ఇవాళ ఎవరైనా మిషను మాట ఎత్తారో, అక్కణ్ణుంచే వెనక్కొచ్చేస్తాను. ఒక్కపూటైనా నాకు మామూలు మొగుడూ, మామూలు కూతురూ కావాలి."

"చిత్తం మహారాణీ" అని నాన్న లెంపలు వేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను. ఆరేళ్ళ తమ్ముడు, మా బుడంకాయ, సంగతేమిటో తెలియకుండానే వేసుకున్నాడు.

ఎగ్జిబిషన్‌లో నాన్న రింగులు విసిరి ఒక సబ్బుపెట్టె గెలిచాడు. వంకర అద్దంలో తన లావు చూసుకుని అమ్మ పడీ పడీ నవ్వింది. అమ్మను అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళయిందో.

తర్వాత జెయింట్ వీల్. అమ్మా తమ్ముడూ ముందు ఎక్కారు. తర్వాతి విడతలో ఎక్కుదామని నాన్నా నేనూ కంచె దగ్గర ఆగాం. మొదటి చుట్టులోనే, మైకులో పాటల హోరు కింద, ఒక గీరుడు వినబడింది. రెండో చుట్టులో మళ్ళీ అదే చోట. నా మనసు కీడు శంకించింది. దాన్ని వెంటనే ఆపాలి. ఎలా తెలుసంటే చెప్పలేను, తెలుసంతే.

సరిగ్గా అప్పుడే అమ్మ కూర్చున్న తొట్టి కిందికి వచ్చింది. నా ముఖం చూడగానే ఆమెకు అర్థమైపోయింది. నవ్వుతూనే వేలు చూపించి బెదిరించింది. నేను పళ్ళికిలించి తమ్ముడికి చెయ్యి ఊపాను. ఇంకో రెండు చుట్లేగా అనుకున్నాను.

మూడో చుట్టు పూర్తవుతుండగా ఇరుసు దగ్గర ఏదో విరిగింది. చక్రం ఒక్క కుదుపుతో పక్కకు ఒరిగి ఆగిపోయింది. వాళ్ళ తొట్టి అప్పటికే నేలకు దగ్గరగా ఉండబట్టి ప్రాణాలు దక్కాయి. తమ్ముడి కుడికాలు మాత్రం తొట్టికీ ఇనుప కమ్మీకీ మధ్య నలిగిపోయింది.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద నాన్న నా పక్కనే కూర్చున్నాడు. లోపలి నుంచి తమ్ముడి ఏడుపు వినబడుతోంది. నా వైపు తిరిగాడు.

"నాకేదో గీరినట్టు అనిపించింది తల్లీ. ఆపమందామనుకున్నాను. ఈ పాడు చెవుల్ని నమ్మలేక నీ వంక చూశాను. నువ్వు నవ్వుతూ చెయ్యి ఊపుతున్నావు. ఇంకేం భయం లేదనుకున్నాను." నా తల నిమిరాడు. "నీ తప్పేం లేదులే. నీకు వినబడి ఉంటే చెప్పేదానివేగా."

నేను అవునన్నట్టు తల ఊపాను.

ఇంటికొచ్చాక ఆయన అమ్మ దగ్గర తప్పంతా తన మీదే వేసుకున్నాడు. "నేను విన్నాను. నీకిచ్చిన మాట కోసం ఊరుకున్నాను." నా ఊసు ఎత్తలేదు. అమ్మ ఆయనతో ఏడాదిపాటు మాట్లాడలేదు. తమ్ముడు కుంటుతూ గది దాటిన ప్రతిసారీ నాన్న తల దించుకునేవాడు. ఎదురుగా నేను ఉండేదాన్ని. నాకూ వినబడింది నాన్నా అంటే సరిపోయేది. పదేళ్ళప్పుడు భయం, ఇరవైలో సిగ్గు, ఆ తర్వాత ఇప్పుడెందుకులే అనే సాకు.

నాన్న పోయి మూడేళ్ళయింది. ఆ చప్పుడు విన్నది తానొక్కడేనని నమ్ముతూనే పోయాడు.